పైన్ చెట్ల బంక

అమెరికాలోని సౌత్ జెర్సీలో పైన్ అడవి పక్కనున్న ఇల్లు తమకే ఖాయమైందని ఏజెంట్ మెసేజ్ పెట్టగానే కొత్త పెళ్లికూతురు గంతేసి, భర్త ముందు గుప్పిట విప్పింది.

“గృహప్రవేశానికి ధూపం కూడా రెడీ! ఇల్లు చూడ్డానికెళ్లినప్పుడు దాని పెరట్లో చెట్ల బంక గిల్లి తెచ్చా. అచ్చం పాప్‌కార్న్‌లా లేదూ?”

“ఎన్ని చెట్లకుంది?”

“అన్నిటికీ. మొహం అలా పెట్టావేంటి?”

“పురుగు తొలిస్తే కారే బంక ఇది. హైకింగ్‌లో ఫారెస్ట్ రేంజర్ చూపించాడు. ఇదివరకు చలికి ఆ పురుగు చచ్చేదట. ఇప్పుడంత చలేదీ?”

“మరి చెట్లు?”

“ఎండిపోతాయి. ఇళ్లున్నాయని చిన్న మంటలు కూడా ఆర్పేస్తూ వచ్చారు, దాంతో అడవి పలచబడక కిక్కిరిసిపోయింది. ఇక పెద్ద నిప్పే అంటుకుంటే...”

“వంటింటి కిటికీని ఆనుకునే ఉన్నాయవి! నాకు భయమేస్తోంది.”

“నాకూను. సంతకాలు రేపు మధ్యాహ్నం కదా? పొద్దున్నే చెట్లు పరీక్షించే ఫారెస్టర్‌ని తీసుకెళ్దాం. ఆయన ఉండొచ్చంటేనే సంతకం.”