టైమవుట్‌లో పిలిచిన పేరు

శాలువా సంగతి పక్కన పెట్టవే లిదియా! పొద్దుగాల్నుంచి ఫోన్ జేసినోళ్ళంతా గదే. గెలిచిండ్రట గదా మేడం, శాలువా కప్పిండ్రట గదా మేడం. నువ్వు గూడ గదేనా? ఖమ్మంల ఇంట్ల కూసోని, ఆటో ఎక్కితే అయిపోయే దూరంల ఫైనల్ మ్యాచ్ జరుగుతుంటే రాకపోతివి. మోకాళ్ళట!

అవ్, తెల్సు. అవి పోయింది నాకోసమే. రైల్వే బాస్కెట్‌బాల్ టీమ్‌ల ఆడినన్నాళ్ళు, నన్ను పట్టుకునే పిల్లకు నువ్వు గోడలెక్క అడ్డం నిలబడుడు, ఆమె ఉరికొచ్చి నిన్ను గుద్దుడు, నేను ఖాళీగ నిలబడి బాల్ ఏసుడు. పేపర్ల ఫోటో నాది, మోకాలి మీద ఐసుగడ్డ నీది. ఎన్నిసార్లు దెప్పుతవే?

తిన్ననే. చర్చి నుంచి వచ్చి ఇంత పప్పేసుకొని తిన్న. నువ్వొక్కదానివే అడుగుతవ్ తిన్నవా అని. అదీ నేను ఫోన్ జేస్తే.

నిన్న ఏమైందంటే... ఆగు, వరసగ చెప్పనియ్యి. నడుమ మాట్లాడితే తాడు తెగుతది నాకు.

మన టీమ్‌ల ఆటలకు స్టేషన్ల పేర్లు పెట్టుకునేటోళ్ళం, యాదుందా? ఎట్ల ఆడబోతున్నమో అవతలోళ్ళకు తెల్వొద్దని. కాజీపేట అంటే ఒకటి, డోర్నకల్ అంటే ఇంకోటి. రిటైరయ్యి ఈ బూర్గంపాడు హాస్టల్ పిల్లలకు కోచ్‌గ వచ్చినంక గూడ గవ్వే పేర్లు చెప్పిన. బిక్కమొహాలు పెట్టిండ్రు. అడవి ఊర్ల పిల్లలు, వాళ్ళకు రైలెక్కడిది? అప్పుడు బస్సులు ఆగే ఊర్ల పేర్లు పెట్టిన. పెనుబల్లి అంటే బాల్ ఎడమ మూలకు పోతది. పాల్వంచ అంటే మా కెప్టెన్ సోని నడిమిట్లకెళ్ళి దూరుతది. "భద్రాచలం పెట్టలేదేంది మేడం?" అని అడిగిండ్రు. "అక్కడ బస్సు ఖాళీ అయితది, ఇంక ఎవరు ఆడ్తరే?" అన్న. మస్తు నవ్విండ్రు.

నిన్న ఫైనల్ అయిపోవస్తున్నది. ఒక్క పాయింటు వెనక ఉన్నం. టైమవుట్ అడిగిన. పిల్లలు చెమటలు తుడుచుకుంట చుట్టూ చేరిండ్రు. మంచిగ, గట్టిగ, ఒక్క తడబాటు లేకుండ చెప్పిన: "డోర్నకల్ ఆడుండ్రి. లిదియా అడ్డం నిలబడ్తది. భయపడకుండ్రి, అది నిలబడితే కదలదు."

ఆఁ. నీ పేరే.

నవ్వకు. పిల్లలు నవ్వలేదు, గదే నా బాధ. లిదియా ఎవరు మేడం అని ఒక్కరన్న అడగాలె గదా! అడగలేదు. ఒకరి మొహం ఒకరు గూడ చూసుకోలేదు. సోని తలూపి "సరే మేడం, గట్లనే" అన్నది. మిగతావాళ్ళంతా "సరే మేడం". పోయి వాళ్ళ ఆట వాళ్ళు ఆడిండ్రు. చాంది అనే పిల్ల అడ్డం నిలబడ్డది, సోని దూరి ఏసింది. గెలిచినం.

నేనేమో నేను చెప్పిందే ఆడిండ్రనుకున్న. శాలువా కప్పుకొని ఫోటోలు గూడ దిగిన.

బస్సుల తెలిసింది. ముందు సీట్ల కండ్లు మూసుకొని కూసున్న. నిద్రపోతున్ననుకున్నరు. ఎనక సీట్లకెళ్ళి హేమ్లి, కొత్తగ వచ్చిన పిల్ల, సోనిని అడుగుతున్నది. "అక్కా, మేడం డోర్నకల్ అని, లిదియా అని ఏదో చెప్పింది గదా, మనం పాల్వంచ ఎందుకాడినం?"

"మెల్లగ మాట్లాడే! మేడం ఏ పేరు చెప్పినా సరే మేడం అనాలె. ఎదురడగొద్దు. కోర్టులకు పోయినంక నా వేళ్ళ సైగ చూడు, గదే ఆడు. చానా రోజుల సంది గంతే."

"మరి మేడంకు చెప్పొద్దా?"

"చెప్తే మానేసి ఇంటికి పోతది. ఇంట్ల ఎవరున్నరే ఆమెకు?"

లిదియా... ఉన్నవా లైన్ల? ఆ, ఉండు.

కండ్లు తెరవలేదు నేను. తెరిస్తే పిల్లలు సిగ్గుపడ్తరు. దిగేదాకా నిద్రపోయినట్టే ఉన్న. నా మాట ఇనకుండ ఆడిన పిల్లను బెంచీ మీద కూసోబెట్టేదాన్ని నేను, నీకు తెల్వదా? ఇప్పుడు ఎవర్ని కూసోబెట్టాలె? టీమంతా మంచోళ్ళయిపాయె!

చానా రోజులంటే ఎన్నాళ్ళే? పోయినేడు కొత్తగూడెంల గెలిచినం, అది నాదా, వాళ్ళదా? ఎవర్ని అడగాలె? పొద్దున మాత్ర ఏసుకున్ననో లేదో తెల్వదు గానీ, కాజీపేట గ్రౌండ్‌ల నీ బూటు లేసు తెగింది మాత్రం ఎదురుంగ కనపడుతున్నది. ఎర్ర లేసు. ఎర్రదే గదా?

ఇప్పుడు రాష్ట్ర పోటీలకు హైదరాబాద్ పోవాలె. "మీరుంటే మాకు ధైర్యం మేడం, మీరే తీస్కపోవాలె" అంటది ప్రిన్సిపల్ నాగలత. ఆమెకేం తెల్సు? ఆట తప్పు చెప్తే సోని సర్దుకుంటది. అంత పెద్ద బస్టాండుల, గంత గుంపుల ఒక పిల్లను ఎక్కడన్న నిలబెట్టి మరిచిపోతే? హేమ్లి ఇంకా రోడ్డు దాటరాని పిల్ల. నేను అక్కడ్నే ఉండమన్ననంటే, చీకటి పడ్డా అక్కడ్నే ఉంటది.

ఏమన్నవ్? ఇనపడ్డది, మళ్ళీ చెప్పకు.

అవ్. నువ్వు అనకముందే నాకు తెల్సు. రేపు పొద్దున నాగలత రూముకు పోయి చెప్పాలె. నా తలకాయ ఇదివరకటి లెక్క లేదమ్మా, పిల్లలను నా చేతుల పెట్టకు అని. చెప్తనే. ఒట్టా? సరే, ఒట్టు. ఇంక చాలునా?

కానీ ఒక్క మాట ఇను. రేపు పొద్దున గనక ఇదంతా మరిచిపోయిననుకో... నిజంగనే మరిచిపోయి, ఎప్పట్లెక్కనే విజిలేసుకొని కోర్టుకు పోయిననుకో...

నువ్వు ఫోన్ జేసి యాద్ చెయ్యకే.