మా అత్త శుక్రవారం పెనం

ఒరేయ్ మెల్కియోరూ, ఆ చిన్న పెనం కదపకు, అది మా అత్తది. ఆఁ, పాతదే, అయినా ఉండనీ. యూడిత్ వాళ్ళ నాన్న పిల్లనివ్వనన్నాడని పొద్దుట్నుంచీ మొహం వేలాడేసుకుని తిరుగుతున్నావు, కాస్త ఇలా కూర్చుంటే నీ సొమ్మేం పోదు. వాళ్ళు లూథరు వాళ్ళు, మనం రోము కేథలిక్కులమనా? మనం ఏమిట్రా, మనం! మీ తాత గాలస్‌ని కట్టుకున్నానే గానీ నేను ఈనాటికీ లూథరు దాన్నే. మగపిల్లాడు గనక మీ నాన్న తండ్రి దారిన పోయాడు, అంతే.

మా అత్త అపొలోనియా, మీ తాతకి తల్లి, అబ్బో, ఏం నోరనుకున్నావు! ఊళ్ళో రెండు మతాలకీ గుడి ఒక్కటే కదా, పొద్దున్నే వాళ్ళ పూజ, తర్వాత మా ప్రసంగం. వాళ్ళు బయటికొస్తూ మేం లోపలికెళ్తూ గుమ్మంలో ఎదురుపడితే చాలు. "మీ పాస్టరుగారికి పెళ్ళాం, ఇంటినిండా పిల్లలు. ఆ సంసారంలో దేవుడెక్కడ గుర్తొస్తాడయ్యా?" అనేది. మా నాన్న ఉల్రిక్ ఊరుకుంటాడా, మాంసం కొట్టేవాడు, మాటా అలాగే ఉండేది. "మీ ఫాదరుగారు లాటిన్‌లో ఏం గొణుగుతాడో మీకు తెలీదు. ద్రాక్షారసం తనొక్కడే తాగి మీ నోట్లో రొట్టెముక్క పెడతాడు!" అని. అలాంటి ఇంటికి కోడలిగా వెళ్ళాన్రా నేను. వాళ్ళకి శుక్రవారం మాంసం నిషిద్ధం, మాకు అలాంటి పట్టింపు లేదు. "శుక్రవారం మాంసం మానేశావని తెలిసిందో, ఆ పూటే నిన్ను తీసుకుపోతా" అని పెళ్ళిలోనే అందరి ముందూ అనేశాడు మా నాన్న. అదిగో, అప్పుడు కొంది మా అత్త ఈ పెనం, నా మాంసానికి వేరేగా. ప్రతి శుక్రవారం ఆయన మాంసం కూరిన సాసేజీలు పంపేవాడు. ఆవిడ ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, తనే వేయించి నా ముందు పడేసేది. "తిను, తిను. పాపం నీది, కట్టెలు నావి." ప్రేమగా ఒక్క మాటన్లేదు. కానీ ఒక్క శుక్రవారం కూడా మాడ్చలేదురా.

ఇంతలో మీ నాన్న కడుపులో పడ్డాడు. ఈస్టరుకి ముందు ఉపవాసాల రోజులు, శుక్రవారం. పెనం మీద సాసేజి చిటపటమంటోంది, నాకేమో కడుపులో తిప్పేస్తోంది. "అత్తయ్యా, నీ పప్పు కాస్త పెట్టవూ" అన్నా. గిన్నె నోటి దగ్గర పెట్టుకున్నానో లేదో, మా నాన్న దిగబడ్డాడు. "నా కూతుర్ని మార్చేశారు!" అని నా రెక్క పుచ్చుకున్నాడు. మా అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పెనంలోంచి సాసేజి తీసి కసుక్కున కొరికింది! పుట్టి బుద్ధెరిగాక శుక్రవారం మాంసం ముట్టని మనిషి. కళ్ళలో నీళ్ళు, అయినా నమిలి మింగింది. "చూశావుగా అన్నయ్యా, నీ కూతురు పప్పు తింది, నేను మాంసం తిన్నా. ఎవరు ఎవర్ని మార్చారో నువ్వే చెప్పు. పిల్లకి వేవిళ్ళు. అరవకుండా కూర్చో!"

కూర్చున్నాడు. గిన్నెలోకి తొంగి చూసి, "ఆ పప్పు ఇంకో గరిటె ఉందా?" అన్నాడు.

నవ్వకు, ఆవిడకది నవ్వులాట కాదు. ఫాదరుగారి దగ్గరికెళ్ళి పాపం ఒప్పుకుంది. బాధపడుతున్నావా అని ఆయన అడిగితే, "అబద్ధం చెప్పలేను ఫాదర్, బాధపడటం లేదు" అందిట. అయితే పండక్కి పూజలో పెట్టే రొట్టె ఇవ్వనన్నాడు. ఈస్టరు నాడు వాళ్ళవాళ్ళంతా రొట్టె తీసుకుని వెళ్ళిపోయారు. మేం లోపలికొచ్చేసరికి ఆవిడ వెనక బెంచీలో ఒక్కతే తలొంచుకుని కూర్చుంది. అంతా గుసగుసలు. మా నాన్న టోపీ తీసి, నేరుగా వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ప్రసంగం అయ్యేదాకా లేవలేదు. ఆవిడా లేవలేదురా...

ఏడవట్లేదు, పొయ్యి పొగ. శుక్రవారం యూడిత్ వాళ్ళ నాన్నని భోజనానికి పిలువు. వస్తాడ్లే, ఏం వండానో చూడ్డానికైనా వస్తాడు. ఆ పెనం ఇలా దించు, తుప్పు పట్టిందేమో చూద్దాం.