అమ్మ వేరే కాల్‌లో ఉంది

హలో… ఆ, నేనేనే, అక్కని. ల్యాబ్ బయట మెట్ల మీద కూర్చున్నా. నెట్ ఇక్కడే బాగా వస్తుంది… ఆ, భోజనమైంది.

…ఏం లేదు, నీతో ఒక మాట తేల్చుకోవాలి. నువ్వు హాస్టల్లో కూర్చుని అమ్మతో గంటలు గంటలు ఏం మాట్లాడతావే?

…ఏమీ మాట్లాడవా? నా చెవిలో పువ్వు పెట్టకు! నిన్న నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ 'వేరే కాల్‌లో ఉన్నారు' అనే. ఆ వేరే ఎవరో నాకు తెలీదా?

…ఏంటీ? కాల్ కలిపి పక్కన పెట్టేస్తారా? …నువ్వు చదువుకుంటూ… అమ్మ బట్టలు కుట్టుకుంటూ… మాటా పలుకూ లేకుండానా?

…ఆ, కుళ్ళే! ఏడుపే అనుకో! ఆ ఫోన్ కొనిచ్చింది నేను. వీడియో కాల్ ఎలా చెయ్యాలో వేలు పట్టి నేర్పింది నేను. ఆ కుట్టుమిషన్ చప్పుడులో కూర్చుని మన ఇంట్లో మొదటి డిగ్రీ చదివింది — నేను! విత్తింది ఒకరు, కోసుకున్నది ఇంకొకరు…

…నాతోనా? రోజూ చేస్తానుగా. మాత్రలు వేసుకున్నావా, బీపీ ఎంతుంది, సరే ఉంటా…

…మూడు నిమిషాలే. అయితే ఏంటట?

…అమ్మ అందా? …మళ్ళీ చెప్పు.

…"పెద్దదానికి పనుంటేనే ఫోన్ చెయ్యాలి, ఊరికే పట్టుకుంటే దాని ఉద్యోగానికి అడ్డం"… అలా అందా?

…నేనే చెప్పాను. ల్యాబ్‌లో చేరిన కొత్తలో, ఫోనెత్తితే మేడమ్ కేకలేస్తున్నారని. అది జరిగి నాలుగేళ్ళయిందే! ఇన్నాళ్ళూ దాన్నే పట్టుకుని ఉందా?

…ఏడవట్లేదు. నెట్ బాలేదు, గొంతు అలా వస్తోంది.

…ఇప్పుడా? ఈ కాల్‌లోకేనా? ఆగాగు! ఏమని మాట్లాడనే? పనేం లేదు కదా…

…సరే. కలుపు.

అమ్మా… ఆ, నేనే. …లేదు, ఒంట్లో బాగానే ఉంది. …ఉద్యోగానికేం కాలేదమ్మా. …నిజంగా, ఏ పనీ లేదు. ఊరికే.

…నువ్వు కుట్టుకో. నేనిలా ఉంటా.

…

ఏయ్ చిన్నదానా, ఇంకా ఉన్నావా? నువ్వు దిగు. …ఎందుకేంటి? రోజూ నీకేగా! ఈ పూట నాది. కట్ చెయ్యి.

అమ్మా! నిన్ను కాదమ్మా…