ముడి వేసిన వైరు

వీధివైపు గదిలో మోటార్లు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు. వెనక రెండు గదుల్లో కాపురం. మిట్టమధ్యాహ్నం కొట్టులో తండ్రి, తల్లి, కొడుకు.

"మళ్ళీ చూశావా?"

"ఇప్పుడే కదా నాన్నా చూశాను. ఫోన్లో ఇంకా ఫలితాలు పెట్టలేదు."

"ఇప్పుడే అంటావేంట్రా. ఈలోపల నేను ఈ బేరింగు ఊడదీసి మళ్ళీ బిగించాను. ఇంకోసారి చూడు."

"అదే పనిగా నొక్కితే ఆగిపోతుంది నాన్నా. మిలటరీ అకాడమీకి పరీక్ష రాసినవాళ్ళందరూ ఇప్పుడు దాన్నే నొక్కుతూ కూర్చున్నారు."

"నొక్కనీ. వాళ్ళు నొక్కినంత మాత్రాన నీ సీటు అరిగిపోదు. సరే, ఆ ముడి వేసిన వైరు ఇటందుకో."

"ఇదిగో."

"ఏవండీ, ఇవాళ కూడా వాడి చేత పని చేయించాలా?"

"వైరు అందించడం పనా? ఇదే పనైతే ఇక రేపు తుపాకీ ఏం మోస్తాడే?"

"మీ వైర్లకి ఆ ముడులొకటి. ఎదురు కొట్టు ఎలక్ట్రీషియను నిన్న కూడా నవ్వాడు. 'వదినగారూ, మీ ఆయన వైర్లకి జడలు వేస్తున్నాడా' అని."

"వాడికేం తెలుసు. కరెంటొచ్చే ఎర్ర వైరుకి ముడి. మిగతావాటికి లేదు. చీకట్లో కూడా చేతికి తెలిసిపోతుంది. నా పద్ధతి నాది."

"పట్టపగలు కూడా వేస్తారేం మరి?"

"అలవాటు తప్పకూడదు. నువ్వు కాస్త కూర్చో. గుమ్మానికి అడ్డంగా నించున్నావు, గాలి రావట్లేదు."

"కూర్చుంటే నాకు ఊపిరాడట్లేదు."

"నించున్నవాళ్ళకి సీటు ముందివ్వడానికి అదేమన్నా బస్సా?"

"నాన్నా, ఒకవేళ రాకపోతే..."

"ఆ స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టావు?"

"నీ జేబులోనే ఉంది. రాకపోతే ఏంటని అడుగుతున్నా."

"రాకపోతే... ఈ మోటారు మరాయనకి ఇచ్చి రావాలి. పిండిమర ఆగిపోయిందని పొద్దున్నుంచి మనిషి మీద మనిషిని పంపుతున్నాడు."

"నేను ఇచ్చొస్తా."

"నువ్వు కదలకు. నిన్ను చూస్తే ఆయన వదలడు. 'కల్నల్ గారూ' అని సెల్యూట్ కొట్టి ఆ పిండి చేత్తోనే భుజం తడతాడు. నేనే వెళ్ళొస్తా."

"మీరు కాదూ అందరికీ చాటింది? కూరలమ్మి కూడా వాణ్ణి కల్నల్ అనే పిలుస్తోంది."

"నేను చెప్పింది రాతపరీక్ష పాసయ్యాడని, ఇంటర్వ్యూ దాటాడని. అబద్ధమా? కల్నల్‌ని చేసింది వాళ్ళే."

"సరే, వెళ్ళిరండి. మోటారు బరువు, నడుం జాగ్రత్త."

"నడుం సంగతి తర్వాత. వాణ్ణి ఆ ఫోను ముందునుంచి లేవనివ్వకు."

"అమ్మా, నాన్న వెళ్ళాడా?"

"మలుపు తిరిగారు. ఏంటి, మొహం అలా అయిపోయింది?"

"నువ్వు ఎక్కడికీ వెళ్ళకు. అది వచ్చినప్పుడు నా పక్కనే ఉండాలి."

"ఎక్కడికి పోతాను? ఉంటాలే."

"అలా కాదమ్మా, విను. నాతోపాటు ఇంటర్వ్యూకి వచ్చినవాడు పొద్దున ఫోన్ చేశాడు. ఆ పేజీలో మాటలేమీ ఉండవట. నెంబరు కొడితే పక్కన ఒక చుక్క వస్తుందట. ఆకుపచ్చ చుక్కయితే తీసుకున్నట్టు. ఎర్రదైతే లేనట్టు. ఎందుకు తీసుకోలేదో తర్వాత రాసి పంపిస్తారట."

"చుక్కేనా?"

"చుక్కే."

"వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది. పిల్లల బతుకు తీసుకెళ్ళి చుక్కలో పెట్టారు."

"నాకు రెండూ ఒకటేగా. రెండూ ఎండుగడ్డి రంగే. నాన్న పక్కన నించుని ఏం రంగురా అంటే నేనేం చెప్పను?"

"నేను చూసి నీ చెయ్యి నొక్కుతా. వచ్చిందంటే ఒకసారి, రాలేదంటే రెండుసార్లు. ఆయనకి అనుమానం రాదు. ఇన్నేళ్ళు నీ చొక్కాలు జతలు కట్టిపెడుతున్నా, వచ్చిందా అనుమానం?"

"నా కళ్ళు పరీక్ష చేసిన ఆ డాక్టరుకి వచ్చిందమ్మా."

"మళ్ళీ మొదలుపెట్టకు. ఎన్నిసార్లు చెప్పావు."

"ఇంకొక్కసారి విను. ఆ రంగుచుక్కల పుస్తకం మనం బట్టీపట్టింది పేజీ మూలనున్న అంకె చూసి కదా. ఫలానా పేజీ అయితే చుక్కల్లో దాగిన సంఖ్య ఫలానాది అని."

"ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేవాడివి. నేను కూర తరుగుతూ ఏ పేజీ అడిగినా తడుముకునేవాడివి కాదు."

"ఆయన పుస్తకం పట్టుకుంటే బొటనవేలు సరిగ్గా ఆ మూలమీదే పడింది. అంకె కనపడలేదు. సరే, వరసగానే తిప్పుతాడులే అని నేనూ వరసగానే చెప్పుకుంటూ పోయాను. మధ్యలో రెండు పేజీలు కలిసి తిరిగాయేమో. చప్పుడు వేరేగా వచ్చింది. అదే నిజమైతే అక్కణ్ణుంచి చెప్పినవన్నీ తప్పే."

"తిరిగి ఉండవులే."

"నీకెలా తెలుసు?"

"తెలీదు. ఊరికే అన్నాను."

"అంతా అయ్యాక కళ్ళజోడు పైకి తోసుకుని, మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగాడు. ఎలక్ట్రీషియను అన్నాను. మరి నువ్వు ఎప్పుడైనా వైర్లు కలిపావా అన్నాడు. కలుపుతాను, ఇంతవరకూ ఒక్కటి కూడా తప్పు కలపలేదు అన్నాను. నవ్వాడు."

"ఎలా నవ్వాడు? మంచిగానా?"

"అదేనమ్మా, ఎంత తలుచుకున్నా తేలట్లేదు. నేను చెప్పింది నిజమే కదా. నాన్న దగ్గర ఎప్పుడూ తప్పు కలపలేదు. ముడి చూసుకుంటే చాలు. ఆ ముడులే లేకపోతే ఏనాడో దొరికిపోయేవాణ్ణి."

"అందుకే దేవుడు ఆయనకి ఆ చాదస్తం తగిలించాడు."

"అమ్మా, నాన్నకి చెప్పేద్దామా?"

"ఇప్పుడా? వద్దు."

"వచ్చినా రాకపోయినా చెప్పాలి కదా."

"ఆయన బతుకంతా రంగులేరా. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. తన కొడుక్కే అవి తెలియవంటే తట్టుకోలేరు. పైగా వచ్చింది నా వైపు నుంచి. మా నాన్న టమాటాలు ఒక్కొక్కటీ నొక్కి చూసి ఏరేవారు. పండో కాయో కంటికి తెలియక పిసుకుతున్నారని మేమంతా నవ్వేవాళ్ళం. చిన్నప్పుడు నువ్వు కూడా మొదటిసారి అలా నొక్కి చూశావు చూడు, ఆ రోజు నాకు నవ్వు రాలేదు."

"అందులో నీ తప్పేముంది?"

"తప్పు కాదులే. తప్పయితే దిద్దుకునేదాన్ని. కన్నా, ఒకటంటాను, కోప్పడకు."

"అను."

"ఒక్కోసారి ఇది రాకపోతేనే మేలనిపిస్తుంది."

"అమ్మా."

"కోప్పడకన్నానా. రేపు అక్కడ ఎర్రదీపం వేస్తే ఆగాలి, ఆకుపచ్చ వేస్తే కదలాలి అంటారు. నీ ఒక్కడి ప్రాణమైతే నీ ఇష్టం. నీ మాట నమ్మి నీ వెనక నడిచే పిల్లలుంటే? వాళ్ళకీ ఇళ్ళ దగ్గర అమ్మలుంటారు."

"అది నేను అనుకోలేదనుకున్నావా?"

"అనుకుని?"

"అనుకునే పొద్దున్నే లేచి పరిగెత్తేవాణ్ణి. ఏం చేయనమ్మా? ఇంకేదీ ఇంతగా కావాలనిపించలేదు. అనిపిస్తే దీన్ని వదిలేసి ఉండేవాణ్ణి."

"సరే, సరే. ఊరుకో. మీ నాన్న వస్తున్నారు. అదేంటి, అలా పరిగెత్తుకొస్తున్నారు?"

"వచ్చిందా? చూశారా?"

"లేదండీ. ఏమైంది? మోటారు తిరగలేదా?"

"తిరిగే ఉంటుంది. బిగించి వచ్చేశా, స్విచ్చి వేసి చూడలేదు."

"మీరా? స్విచ్చి వేసి చూడకుండా వచ్చారా?"

"మరాయన చెప్పాడు. వాళ్ళ మేనల్లుడు నిరుడు రాశాట్ట ఈ పరీక్ష. నెంబరు కొడితే చుక్క ఒకటే వస్తుందటగా. చుక్క తప్ప ఇంకేం ఉండదట."

"అవునట. అయితే దానికి పరుగెందుకు?"

"ఊరికే. వాడొక్కడే ఉన్నాడేమోనని."

"ఒక్కడే ఎందుకుంటాడు, నేను లేనూ?"

"ఉన్నావులే. మంచినీళ్ళివ్వరా."

"ఇదిగో నాన్నా. మరాయన ఇంకేమన్నాడు? డాక్టరు పరీక్ష సంగతి అడిగాడా?"

"అడిగాడు. మావాడిది గుర్రం గుండె, మెట్లెక్కి దిగినా రొప్పడని చెప్పా."

"కళ్ళ సంగతి చెప్పావా?"

"ఏదో మాడుతున్నట్టు లేదూ?"

"నాన్నా, కళ్ళ సంగతి."

"నిజంగానే మాడుతోందిరా. ఇది వార్నిషు వాసన కాదు. ఏమే, పొయ్యి మీద ఏమన్నా పెట్టావా?"

"అయ్యో, పాలు. నా మతి మండ. కన్నా, నేనొచ్చేదాకా చూడకు. మీరూ చూడకండి."

"అమ్మా, త్వరగా రా."

"నాన్నా."

"ఏంటి?"

"తెరుచుకుంది."

"నెంబరు కొట్టు."

"కొట్టా. తిరుగుతోంది."

"తిరగనీ."

"ఆగింది."

"ఊఁ."

"అమ్మా, అయిందా?"

"గిన్నె అడుగంటింది. ఒక్క నిమిషం. చూడకండి, వస్తున్నా."

"అమ్మ రానీ నాన్నా. ముందు తనే చూస్తానని సరదా పడుతోంది."

"ఇటివ్వు."

"నీ చేతులకి గ్రీజు."

"తుడుచుకున్నా. ఇటివ్వరా."

"ఎందుకు నాన్నా, నేను చూశాగా. ఆకుపచ్చే. అవును, ఆకుపచ్చే. బాగా కనపడుతోంది నాకు. ఏం, అలా చూస్తావేం?"

"ఎరుపురా."

"ఎండ పడి నీకలా..."

"నీడలోకి తిప్పే చూశా. ఎరుపే."

"అంటే... నేను తొందరలో సరిగ్గా..."

"తొందరేం కాదు. నీకు పదేళ్ళప్పుడు, ఇక్కడే, ఇదే బల్ల దగ్గర, ఎర్ర వైరు ఇమ్మన్నా. ఆకుపచ్చది ఇచ్చావు. చెంప మీద ఒకటిచ్చి మళ్ళీ అడిగా. మళ్ళీ ఆకుపచ్చదే తీశావు. అంత దెబ్బ తిన్న పిల్లాడు వెంటనే అదే తప్పు కావాలని చేస్తాడా? ఆ సాయంత్రమే కూర్చుని, కొట్లో ఉన్న ఎర్ర వైర్లన్నిటికీ ముడులు వేశా."

"చీకట్లో చేతికి తెలియాలనన్నావు."

"మరేమని చెప్పను?"

"అమ్మకి తెలుసా, నీకు తెలుసని?"

"తెలీదు. నువ్వూ చెప్పకు. నా దగ్గర దాచాననుకుని ఇన్నేళ్ళు ధైర్యంగా తిరిగింది, దాన్ని అలాగే ఉండనీ."

"మరి తెలిసి నన్నెందుకు పంపావు నాన్నా? మరాయనకి, కూరలమ్మికి, అందరికీ ఎందుకు చెప్పావు? డాక్టరు దగ్గర దొరికిపోతానని తెలియదా నీకు?"

"తెలుసు."

"తెలిస్తే ఆపొచ్చుగా."

"నువ్వు పొద్దున్నే గుమ్మంలో కూర్చుని బూట్లు కట్టుకుంటుంటే, రోజూ ఇవాళ చెప్దాం అనుకునేవాణ్ణి. చెప్పకుండానే వచ్చి కొట్టు తెరిచేవాణ్ణి."

"ఇదిగో వచ్చేశా. ఇంకా చూడలేదుగా?"

"మీ అమ్మ వస్తోంది, కళ్ళు తుడుచుకో. నేను ఇక్కడ వేసినట్టే, అక్కడ కూడా ఎవరో ఒకరు నీకోసం ఒక ముడి వేస్తారనుకున్నాన్రా."