షియాన్‌కి రైస్ కుక్కర్

అమెరికాలోని నేపర్‌విల్‌లో ఒక ఇంటి గరాజ్. భార్యాభర్తలు చైనా పాత రాజధాని షియాన్ చూడబోతున్నారు. భర్త సర్దిన సూట్‌కేస్‌లోంచి భార్య రైస్ కుక్కర్ తీసి పక్కన పెట్టింది.

“అదెందుకు తీశావ్? అక్కడ మన తిండి దొరకదు.”

“వాళ్ల తిండి దొరుకుతుందిగా! చేత్తో సాగదీసి చేసే నూడుల్స్ తింటాను. మాంసం వద్దని చైనీస్‌లో చెప్పడం కూడా నేర్చుకున్నాను. మీకు నచ్చకపోతే పిజ్జా తినండి. టూరిస్టుల ఊరు, అన్నీ ఉంటాయి.”

“పెరుగన్నం లేకపోతే నాకు పడదని తెలుసు కదా!”

“నయాగరా ట్రిప్‌లోనూ ఇదే మాట. మీరూ పిల్లలూ జలపాతం చూస్తుంటే నేను హోటల్ బాత్రూమ్‌లో కుక్కర్ పెట్టి, స్మోక్ అలారం మోగకుండా టవల్‌తో విసురుతూ నిలబడ్డాను.”

“వచ్చాక ఫొటోలన్నీ చూపించాను కదే!”

“చూపించారు. ఒక్కదాంట్లోనూ నేను లేను.”

“సరే, ఈసారి నేనే వండుతాలే. కుక్కర్ లోపల పెట్టు.”

“మీరే పెట్టుకోండి. మీరు రూమ్‌లో వండుతూ ఉండండి, నేను వెళ్లి ఆ ఊరి చుట్టూ ఉన్న కోటగోడ మీద సైకిల్ తొక్కుతాను. వచ్చాక ఫొటోలన్నీ చూపిస్తాలెండి.”