ఎదుటి పక్షం కూడా మామయ్యే

మేనకోడలి కోటుకి గుండీ కుడుతున్న టైలర్ మామయ్య సూది గాల్లో ఆపాడు. అంటే కోతలు మొదలవుతున్నట్టే. రేపు కాలేజీలో వాదనల పోటీ. ఎదుటివాళ్ళ మాట కాదనడానికి లేచిందంటే చాలు, ఆ పిల్లకి గొంతు పూడుకుపోతుంది. ఈసారి కూడా నోరు పెగలకపోతే జట్టులోంచి తీసేస్తామన్నారు. ఆ బెంగతోనే అడిగింది, "గంట కొట్టాక కూడా మాట్లాడితే మార్కులు పోతాయా మామయ్యా?" అని.

"పోతాయి. నేను మాట్లాడినప్పుడు మాత్రం గంట కొట్టేవాడు నోరు తెరుచుకుని వింటూ కొట్టడమే మర్చిపోయాడు. అదేం పెద్ద విశేషం కాదులే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదుటి పక్షం ముగ్గురూ 'మీరు చెప్పిందే నిజమండీ' అని కుర్చీలెత్తుకొచ్చి నా పక్కన కూర్చున్నారు."

"కుర్చీలతో సహానా?" అన్నాడు పక్కబల్ల దగ్గర ఇస్త్రీ చేసే ఆయన.

"మరి నిలబడతారా? ఎదుటి పక్షం ఖాళీ అయితే పోటీ చెల్లదని రూలు. సరేలెమ్మని నేనే అటు వెళ్ళి, అంతకుముందు నేనన్నవన్నీ ఒక్కొక్కటే కొట్టిపారేశాను. వాదననే అనాలి, మనిషిని అనకూడదు కదా, అందుకని నన్ను నేను ఒక్క మాట కూడా అనలేదు. మధ్యలో ప్రశ్న అడుగుతానని నేనే చెయ్యెత్తాను. నేను ఒప్పుకోలేదు. మర్యాదగా కూర్చున్నాను."

"అయ్యో పాపం," అన్నాడు ఇస్త్రీ ఆయన.

"ఆ దెబ్బకి ముగ్గురూ మళ్ళీ కుర్చీలెత్తుకుని అటొచ్చారు. వెనకాలే జడ్జీలు. వాళ్ళ వెనక హాల్లో జనమంతా. నేనిటు మాట్లాడితే ఇటు, అటు మాట్లాడితే అటు. బరువంతా ఒకేవైపు పడి స్టేజీ ఒరిగిపోతుంటే, బాబ్బాబు, మధ్యలో నిలబడి మాట్లాడమని కాళ్ళావేళ్ళా పడ్డారు. సాయంత్రానికి నా చేతిలో నేను చిత్తుగా ఓడిపోయాను. కప్పు నాకే ఇచ్చారు."

మేనకోడలు లేచి నిలబడింది. చెయ్యి కూడా ఎత్తింది.

"తన మాట తనే కాదంటే పోటీ అక్కడితో పోయినట్టే. అదీ రూలే మామయ్యా. నువ్వు అటు వెళ్ళి నోరు తెరిచినప్పుడే ఓడిపోయావు. ఇక కప్పెవరిచ్చారు నీకు?"

గొంతు వణకలేదు. అందరికంటే ముందు ఆశ్చర్యపోయింది తనే. ఒళ్ళంతా తేలికైపోయి, నవ్వొచ్చేసింది.

మామయ్య దారం కొరికి, కోటు దులిపి, ఆమె చేతికిచ్చాడు.

"కప్పూ లేదు గిప్పూ లేదు. నీ నోరు పెగలాలనే తల్లీ, ఇంతసేపూ కోతలు కోసింది."

"అదిగో," అన్నాడు ఇస్త్రీ ఆయన పెట్టె అందుకుంటూ, "మళ్ళీ పక్షం మార్చేశాడు."