వంటల బిక్షమయ్య ముక్కు

ఏంది బిడ్డా, ముక్కుల కండ పెరిగిందన్నడా డాక్టరు? దానికే గింత పరేషానెందుకు, ఇట్ల కూసో. మన చైతన్యపురిల బిక్షమయ్య అని వంటాయన ఉండె, పోయి శాన ఏండ్లయింది. పెండ్లిళ్లకు, గుడి భోజనాలకు వండేటోడు. ఆయనకొక పట్టింపు. దేవునికి నైవేద్యం పెట్టకముందు నాల్క మీద సుక్క గూడ ఏసుకోడు. మరి రుచెట్ల తెలుస్తదంటవా? వాసన తోని! మూత తీసి, కండ్లు మూసుకొని పీల్చేటోడు. "ఇంకో పిడికెడు ఉప్పెయ్యి సాయమ్మా" అంటే భార్య ఏసేది. గసొంటోనికి ముక్కులు మూసుకపోయినయ్. ఎప్పటిసందో తుమ్ములు, ఎగపోసే దమ్ము ఉండెనాయె. మిరపకాయల పొగతోని అనుకున్నడు. వాసన పోయిందని సాయమ్మకు తప్ప ఎవ్వరికి చెప్పలే. చెప్తే వంటకెవరు పిలుస్తరు? సాయమ్మనే పక్కన నిలబడి పీల్చి, సైగ జేసేది.

గప్పుడు తెలంగాణ లొల్లి నడుస్తుండె. దిల్‌సుఖ్‌నగర్ల వంటావార్పు పెట్టిర్రు. బండ్లాపి నడిరోడ్డు మీదనే వండుక తినుడు, గదీ నిరసన. పప్పు గుండిగ ఈయనది. సాయమ్మనేమో ఆడోళ్లు బతుకమ్మ ఆడనీకి గుంజుకపోయిర్రు. పప్పు అడుగంటింది. మాడు వాసన మూసారాంబాగ్ దాక కొడుతుంటే, ఈయన గరిట పట్టుకొని నవ్వుకుంట నిలబడ్డడు! "మామా, పోలీసోళ్ల గ్యాసు పప్పుల కలిపినవా?" అని పోరగాండ్లు ఒకటే ఆటపట్టిచ్చుడు. "ఈడ నైవేద్యం లేదు గద, జర నాకి చూస్తే ఏమాయె?" అన్న నేను. "జనం తినకముందు ఎంగిలెట్ల జేస్త మట్టన్నా" అన్నడు.

తెల్లారి సాయమ్మ దవాఖానకు తోల్కపోయింది. డాక్టరమ్మది గుంటూరు. "నిన్న రోడ్డు మీద మొత్తుకొని, ఇయ్యాల ఆమె చేతుల ముక్కు పెట్టాల్నా?" అని గుమ్మంలనే ఆగిండట. "మాడిన పప్పు నీదా ఆమెదా? నడువ్" అన్నది సాయమ్మ. డాక్టరమ్మ చూసి, "పొగ ఒక్కటే కారణం కాదు పెద్దాయనా. ఎలర్జీ, ఆయాసం ఉన్నవాళ్లకి లోపలి పొర ఏళ్ల తరబడి వాచి, ఇలా ద్రాక్షపళ్లలా వేలాడుతుందండీ. క్యాన్సరేం కాదు. ముందు స్ప్రే వాడదాం, తగ్గకపోతే ముక్కులోంచే తీసేస్తాం. తీశాక కూడా స్ప్రే ఆపకూడదండోయ్, మళ్లీ పెరుగుతాయి" అన్నది. స్ప్రేకు తగ్గలే, ఆపరేషన్ చేసిర్రు. వాసనొచ్చింది! అంగట్ల కొత్తిమీర కట్ట మొఖానికి పెట్టుకొని కూసున్నడు, అమ్మేటామె "కొంటవా, మేస్తవా?" అనేదాక.

గని మందు బంద్ వెట్టిండు. ముక్కుల మందు కొట్టుకొని నైవేద్యం వండితే మైల అని ఆయనకాయనే అనుకున్నడు. డాక్టరమ్మను అడిగితే, రాత్రి పండుకునేటప్పుడు కొట్టుకోమంటుండె గద. అడుగలే. కండ మల్ల పెరిగింది. గంతల్నే సాయమ్మ గుండె ఆగి పోయింది.

తెలంగాణ వచ్చిన యేడు ఎల్బీనగర్ల గుడి భోజనాలు. బిక్షమయ్య మూత తీసిండు, కండ్లు మూసుకొని పీల్చిండు. ఉప్పెంతనో చెప్తడని అందరు ఆయన దిక్కే చూస్తున్నరు. మల్ల పీల్చిండు. ఇగ గరిట గుండిగ మీద అడ్డం పెట్టి, "మీరే చూస్కోండ్రి" అని చేతులు కడుక్కున్నడు. వడ్డించే యాళ్లకు వచ్చి బంతిల నా పక్కన కూసున్నడు, ఎన్నడు కూసోనోడు. "ఎట్లున్నది బిక్షమయ్యా?" అన్న. "మస్తుగున్నదే" అన్నడు. ముద్ద ఇంక చేతులనే ఉండె.